గుండీల గిన్నె

మొదలుపెట్టేనాటికి షావుకారు చేతిలో ఉన్న సరుకు ఇంతే: నాలుగు పేజీల కథ ఒకటి, దాన్ని ఒక్క ఊపున రాయించిన కోపం, ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టరు దించేసుకోగల వెసులుబాటు. ఇంతకంటే తక్కువతో అద్దాల వ్యాపారంలోకి దిగి నిలదొక్కుకున్న మనిషి కనుక ఇది చాలుననే అనుకున్నాడు. పైగా సరుకు దిగకముందే బోర్డు కట్టేసే అలవాటు ఆయనది. కథల సంఘం వాళ్ళు వేయబోతున్న పుస్తకంలో తన కథ వస్తోందని భార్యకీ, పక్క షాపు తాళాలాయనకీ, క్షవరం చేసే అతనికీ అప్పుడే చెప్పేసుకున్నాడు. సంఘంలో ఆ కథ ఇంకా ఎవరూ విననే లేదు.

సంఘం కూడేది డ్రైవింగ్ స్కూలు మేడ మీది గదిలో. గోడల నిండా ట్రాఫిక్ గుర్తుల పటాలు. నడిపేది రేడియో అక్కయ్య. రేడియోలో పాతికేళ్ళు నాటకాలు వేయించి రిటైరైన మనిషి, గొంతు ఇంకా రిటైరవలేదు. అక్కడి పద్ధతి ఆవిడ పెట్టిందే. రాసినవాడు తన కథ తను చదువుకోకూడదు. ఇంకొకరు చదువుతుంటే గోడవైపు తిరిగి, నోరు మూసుకుని కూర్చోవాలి. వినేవాళ్ళకి తలా ఒక గుప్పెడు గుండీలు ఇస్తారు. కథ వింటూ వింటూ ఎవరి మనసు ఎక్కడ పక్కకి పోతే, వాళ్ళు అక్కడ ఒక గుండీ తీసి మధ్యలో ఉన్న స్టీలు గిన్నెలో వేయాలి. మొహమాటపడకూడదు.

"రేడియో కట్టేసినవాడి చప్పుడు మనకి వినపడదండీ," అనేది అక్కయ్య. "పాతికేళ్ళూ అదే బెంగ నాకు. ఇక్కడైనా వినపడాలి."

షావుకారుకి ఆ పద్ధతి నచ్చింది. షాపుముందు ఆగి, చూసి, వెళ్ళిపోయే గిరాకీ ఎక్కడ మొహం తిప్పుకున్నాడో తెలిస్తే ఏ వర్తకుడు వద్దంటాడు? తన కథకి గిన్నె ఖాళీగా ఉంటుందని ధీమా కూడాను. 'ఓవర్‌టేక్ చేయరాదు' అని రాసున్న పటం ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చదవడానికి బస్సు కండక్టరమ్మ లేచింది. సంఘంలో అందరికంటే స్పష్టమైన గొంతు ఆవిడదే. కాకపోతే ప్రేమకథనైనా స్టాపులు చెప్పినట్టే చదువుతుంది.

మొదటి పేజీలో సూర్యుడు ఉదయించాడు. వీధి మేలుకుంది. టంగుమని ఒక గుండీ పడింది.

పక్షులు కిలకిలారావాలు చేశాయి. ఇంకోటి పడింది.

షావుకారు భుజాలు సర్దుకున్నాడు. పోనీలే, బోణీ అలాగే ఉంటుంది. అసలు సరుకు ముందుంది కదా అనుకున్నాడు. ముందున్నది ఒక అద్దాల షాపు, అందులో ఒక దుర్మార్గుడైన యజమాని, ముసలి పనివాడు. దుర్మార్గుడు పళ్ళు పటపట కొరికాడు. టంగు. దుర్మార్గుడు వికటంగా నవ్వాడు. టంగు, టంగు. "నీ రోజులు అయిపోయాయిరా ముసలోడా, పో బయటికి!" అని యజమాని గర్జించేసరికి గిన్నెలో వడగళ్ళు పడ్డట్టు చప్పుడైంది. అది షావుకారు అన్నిటికంటే ఇష్టపడి రాసుకున్న వాక్యం. ఆ తర్వాత ఎందుకో కాసేపు నిశ్శబ్దం. ముసలాయన గాజు కోసే కట్టరుని తువ్వాలుగుడ్డలో మెల్లిగా చుట్టి, జేబులో పెట్టుకుని, మెట్లు దిగాడు. గది ఊపిరి బిగబట్టింది. మానవత్వం ఏమైపోయిందని కథ ప్రశ్నించగానే మళ్ళీ టంగుటంగుమని మొదలు.

"ఇటు తిరగండి," అంది అక్కయ్య.

షావుకారు తిరిగి, ముందు గిన్నెకేసి చూశాడు. దాదాపు నిండింది.

"పళ్ళ గురించి నన్నడగండి," అన్నాడు సంఘంలోని పళ్ళ డాక్టరు. "మనుషులు అలా పటపట కొరకరండీ. కొరికితే మర్నాడు నా దగ్గరే ఉంటారు."

"మీ యజమానికి వేరే పనేం లేదా అన్నా?" అంది కండక్టరమ్మ. "పొద్దున్న లేచిన దగ్గర్నించీ దుర్మార్గం ఒక్కటేనా? బిల్లు రాయడు, సరుకు సర్దడు, కనీసం తుమ్మడు. నాకైతే మధ్యలో దిగిపోవాలనిపించింది."

"ఇది జరిగిందండీ! నేను గురువారం కళ్ళారా చూశాను. మా ఎదురు షాపు. అతను మా బామ్మర్ది."

"ఎక్కణ్ణించి చూశారు?" అని అడిగింది అక్కయ్య.

"మా షాపులోంచి."

"అంటే రోడ్డుకి ఇవతలనించి. మీ అద్దం ఒకటి, వాళ్ళ అద్దం ఒకటి, రెండింటి వెనకనించి. మాటలు వినపడ్డాయా?"

షావుకారు తల అడ్డంగా ఊపాడు.

"కట్టరు గుడ్డలో చుట్టడం మాత్రం మీరు చూసింది. అక్కడ ఒక్క గుండీ పడలేదు. మిగతాదంతా గోడౌన్లో పాతసరుకు, ఎక్కడో విని, ఎప్పుడో చదివి దాచుకున్నది. అవతలికి వెళ్ళి రండి. మీ బామ్మర్ది ఏమన్నాడో కనుక్కోండి. ఆయనకి చేతుల్లో ఏదో ఒక పని ఇవ్వండి. తిరగరాసి పై ఆదివారం తీసుకురండి. సోమవారం పుస్తకం అచ్చుకి పోతుంది."

"తిరగరాయడమా?" షావుకారు తెల్లబోయాడు. "అద్దం మీద గీత ఒక్కసారే గీయాలండీ. అదే గీత మీద రెండోసారి కట్టరు నడిపితే అద్దం అడ్డదిడ్డంగా పగుల్తుంది. నా జీవితంలో ఏ పనీ రెండోసారి చేసి ఎరగను."

"కాగితం పగలదండీ," అంది అక్కయ్య. "ధైర్యంగా గీయండి."

ఇంటికొచ్చి జరిగింది చెబితే భార్య నవ్వాపుకోలేకపోయింది. నవ్వినందుకు మొహం ముడుచుకుంటే, మంచినీళ్ళు తెచ్చిచ్చి, మళ్ళీ నవ్వింది.

"మా తమ్ముడు వికటంగా నవ్వాడా? వాడికి మామూలుగా నవ్వడమే రాదు కదండీ. ఫొటో తీసేటప్పుడు గిలిగింతలు పెట్టాలి."

"నీకు తమ్ముడు కనక వెనకేసుకొస్తావు."

"మీకు బామ్మర్ది కనక దుర్మార్గుడయ్యాడు," అంది ఆవిడ. "వాడు వేరే షాపు పెట్టుకుని మీ ఎదురుగానే కూర్చున్నాడన్న మంట మీది. ఆ మంటలో ఆ ముసలాయన్ని పుల్లలా వేసి చలి కాచుకుంటున్నారు. వెళ్ళి అడిగితే నోరు అరిగిపోతుందా?"

సోమవారమంతా షావుకారు బేరీజు వేశాడు. వెళ్ళకపోతే పరువు నిలుస్తుంది, కథ పోతుంది. వెళ్తే కథ నిలవచ్చు, పరువు కొంచెం నలుగుతుంది. తాళాలాయన అప్పటికే రెండుసార్లు వచ్చి, "పుస్తకం ఎప్పుడొస్తోంది షావుకారు గారూ, మా వియ్యంకుడికో కాపీ చెప్పాను," అన్నాడు. బోర్డు కట్టేశాక సరుకు లేదని చెప్పే షాపువాడి మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. మంగళవారం మధ్యాహ్నం, గిరాకీ పల్చబడ్డ వేళ, చారల అద్దం అయిపోయిందన్న సాకు ఒకటి సంపాదించుకుని రోడ్డు దాటాడు. నిజానికి చారల అద్దం తన షాపు వెనక గదిలోనే నిలువెత్తు పేర్చి ఉంది.

ఆయన్ని గుమ్మంలో చూడగానే బామ్మర్ది చేతిలోంచి స్కేలు జారిపోయింది.

"బావా! అక్క బాగానే ఉందా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. చారల అద్దం కావాలి. ఒక రేకు."

"అంతేనా?" బామ్మర్ది గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "నువ్వు మా గడప తొక్కావంటే ఏ ఆస్పత్రినించో కబురనుకున్నా."

కంబళి పరిచిన బల్లమీద పెద్ద అద్దం ఒకటి ఉంది. బామ్మర్ది స్కేలు తీసి దానిమీద ఆనించి, కట్టరు కిరసనాయిల్లో ముంచి, ఊపిరి బిగబట్టి గీశాడు. చర్రుమంది. గీత మధ్యలో ఎక్కడో చెయ్యి తడబడింది. కిందనించి తట్టి విరిస్తే అంచు చిన్న పంటిగాటులా పోయింది. షావుకారు ఆ చేతుల్నే చూస్తున్నాడు. అద్దం మూలలకి గుడ్డముక్క చుట్టి పట్టుకోవడం, విరిచాక చూపుడువేలితో అంచుని తాకకుండా గాల్లోనే తడమడం, అన్నీ తను నేర్పినవే. ఈ పనేదీ తన కథలో లేదు.

"ఏం షావుకారూ, దారి తప్పావా?"

లోపలినించి వచ్చిన ఆ గొంతుకి షావుకారు ఉలిక్కిపడ్డాడు. వెనకగా, వీధిలోంచి కనపడని మూల, బిల్లుల బల్ల దగ్గర ఒక్కగీత తాత కూర్చుని ఉన్నాడు. ఎంత పొడుగు అద్దమైనా ఆగకుండా ఒకే గీతలో కోస్తాడని వీధి మొత్తం ఆయనకి పెట్టిన పేరు అది. ఎడమ చూపుడువేలికి లావుపాటి కట్టు ఉంది. షర్టు జేబులోంచి తువ్వాలుగుడ్డ చుట్టిన కట్టరు తొంగి చూస్తోంది.

"నువ్వు... ఇక్కడే ఉన్నావా తాతా? గురువారం వెళ్ళిపోయావు కదా?"

"వెళ్ళా. శుక్రవారం పొద్దున్నే మీ బామ్మర్ది ఇంటికొచ్చి కూర్చున్నాడు. టిఫిను కూడా తిన్నాడు. ఇంక ఏం చేస్తాం, వచ్చా."

బామ్మర్ది షావుకారుని గుమ్మం పక్కకి లాగి, గొంతు తగ్గించాడు. "వేలు తెగింది బావా. లోతుగా. ఆయనకి తెలీనే లేదు, గీస్తూనే ఉన్నాడు. కొలతలివ్వడానికొచ్చిన ఆవిడ, అద్దం మీద ఎర్రగా ఉందేంటీ అంది. చూస్తే రక్తం. షుగరట. వేళ్ళల్లో స్పర్శ పోయిందట. ఎన్నాళ్ళనించో చెప్పలేదు. నాకు భయమేసింది. భయమేస్తే నాకు అరుపొస్తుంది, నీకు తెలుసుగా."

"ఏమని అరిచావు?" అన్నాడు షావుకారు. ఆ ప్రశ్నలో ఆత్రం తనకే వినపడి కొంచెం సిగ్గనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

"గుర్తులేదు బావా. నోటికొచ్చింది ఏదో."

"నాకుంది," అన్నాడు తాత మూలనించి. చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. "కింద పెట్టు అన్నాడు. 'ముందు దాన్ని కింద పెట్టు' అని. పసివాడి చేతిలో కత్తి చూసినట్టు. నా చేతిలోంచి లాక్కుని బల్లమీద పెట్టాడు. ఆవిడ ముందర."

బామ్మర్ది వెళ్ళి చారల అద్దం తీసి, కాగితం చుట్టి, తాడు కట్టాడు. ఆ ముడి వేయడానికి అవసరమైనదానికంటే చాలాసేపు పట్టింది.

షావుకారు అద్దం చంకనపెట్టుకుని రోడ్డు దాటుతూ, గురువారం తను ఈ ఒడ్డునించి చూసింది తప్పేం కాదని ఒప్పుకున్నాడు. బామ్మర్ది చెయ్యి లాగడం నిజం, చూపుడువేలు చాచడం నిజం, ముసలాయన మెట్లు దిగడం నిజం. వాటి మధ్య తను పోసిన సరుకే కల్తీ. తప్పు జరిగింది. కానీ దాన్ని చేయడానికి దుర్మార్గుడెవడూ అక్కర్లేకపోయింది. బెదిరిపోయిన ఒక మామూలు మనిషి సరిపోయాడు. ఈ లెక్క ఆయనకి కొంచెం కష్టంగానూ, చాలా సంతోషంగానూ ఉంది. మంచి సరుకు చవగ్గా దొరికిన రోజు ఇంటికెళ్ళే నడక నడిచాడు.

తిరగరాయడం మాత్రం అంత చవగ్గా తెమల్లేదు. బుధవారం పొద్దున షాపులో కౌంటరు మీద కాగితాలు పరుచుకుంటే, రాసినదాని మీద గీత పెట్టడానికి చెయ్యి రాలేదు. కలం ఆనించడం, తీసేయడం. ఎక్కడ పగుల్తుందో అని భయం. చివరికి కళ్ళు మూసుకున్నంత పనిచేసి సూర్యోదయాన్ని కొట్టేశాడు. ఏమీ పగల్లేదు. పక్షుల్ని కొట్టేశాడు. వీధి ఇంకొంచెం దగ్గరికొచ్చినట్టనిపించింది. ఆ ఊపులో దుర్మార్గుడన్న మాట వచ్చిన చోటల్లా వరసగా ఏరిపారేశాడు. ప్రతిచోటా ఆ ఖాళీలో బామ్మర్ది చేత ఏదో ఒక పని చేయించాల్సి వచ్చింది. స్కేలు తుడవడం, కిరసనాయిలు సీసా మూత వెతుక్కోవడం, కొలతలివ్వడానికొచ్చినావిడకి కుర్చీ జరపడం. కుర్చీ జరిపిన మనిషి మరుక్షణంలో అరిస్తే, ఆ అరుపు ఎక్కువ వినపడుతోందని గమనించి తనలో తనే తలాడించాడు. మధ్యలో గిరాకీ వస్తే, "ఒక్క నిమిషం, ఈయన అరవబోతున్నాడు," అన్నాడు. వచ్చినాయన భయపడి వెనక్కి చూసుకున్నాడు.

గురువారం, శుక్రవారం అలాగే గడిచాయి. ఒక వాక్యం నాలుగుసార్లు మార్చి, అయిదోసారి మొదటిదే రాసుకున్నాడు. శనివారం చివరి పేరా కుదిరింది. సాయంత్రపు వెలుగు అద్దాలమీద పడుతుంటే ముసలాయన చిరునవ్వు నవ్వి యజమాని భుజం మీద చెయ్యి వేస్తాడు. అందులో క్షమ ఉంది. ఇద్దరి కళ్ళూ తడుస్తాయి. చదివి వినిపిస్తే షావుకారు కళ్ళు కూడా తడిశాయి.

"ఎలా ఉంది?" అన్నాడు భార్యని.

"బావుంది," అంది ఆవిడ బట్టలు మడతపెడుతూ. "చివర మాత్రం పెళ్ళి వీడియోలా ఉంది."

"నీకు తెలీదులే. అది లేకపోతే కథ అమ్ముడుపోదు."

"నేనేం కొనడానికొచ్చానా," అని ఆవిడ మడతలు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

ఆదివారం మళ్ళీ అదే కుర్చీ, అదే పటం. కండక్టరమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. కథ ఇప్పుడు బల్లమీద అద్దంతోనే మొదలవుతోంది. కంబళి, కిరసనాయిలు, గీత. వెనక తలుపు కిర్రుమంది. ఎవరో ఆలస్యంగా వచ్చి కూర్చున్నారు. షావుకారు తిరగబోయి, పద్ధతి గుర్తొచ్చి ఆగిపోయాడు. అద్దం మీద ఎర్రటి చుక్క కనిపించింది. చప్పుడు లేదు. యజమాని, 'ముందు దాన్ని కింద పెట్టు' అన్నాడు. చప్పుడు లేదు. ఎంతకీ చప్పుడు లేకపోయేసరికి, గిన్నె అసలు పెట్టారా లేదా అని షావుకారుకి అనుమానమొచ్చింది. కండక్టరమ్మ గొంతు కూడా స్టాపులు మరిచిపోయి మామూలు మనిషి గొంతయింది. ముసలాయన కట్టరు చుట్టుకున్నాడు. కొలతలివ్వడానికొచ్చినావిడ ఏం చెయ్యాలో తోచక గోడమీది క్యాలెండరు వైపు తిరిగి నిలబడింది. ముసలాయన మెట్లు దిగాడు.

ఇక చివరి పేరా. సాయంత్రపు వెలుగు పడింది. చిరునవ్వు వచ్చింది. భుజం మీద చెయ్యి పడింది.

టంగు.

ఒకటే. కానీ పైనించి గట్టిగా వేసినట్టుంది, గిన్నెలో గిరగిరా తిరిగి తిరిగి ఆగింది.

పద్ధతి మరిచిపోయి షావుకారు వెనక్కి తిరిగాడు. తలుపు దగ్గర తన భార్య, పక్కన ఆవిడ వెంటబెట్టుకొచ్చిన బామ్మర్ది. గిన్నెమీదికి వంగి ఒక్కగీత తాత. కట్టున్న వేలు ఇంకా చాచే ఉంది.

"నేనెప్పుడు క్షమించానయ్యా?" అన్నాడు తాత.

గది మొత్తం ఆయనకేసి తిరిగింది.

"కాదు, చెప్పు. అంతా చూసినట్టే రాశావు. ఆ క్యాలెండరు సంగతి నేనే మరిచిపోయా. బావుంది. ఆ నవ్వెక్కడిది? నేనెప్పుడు నవ్వాను? ఈ చెయ్యి ఎవరి భుజం మీద వేశాను?"

"అది... కథ కదా తాతా. చివర్లో అలా ఉంటే..."

"ఆయన నాతో మాట్లాట్టం లేదు బావా," అన్నాడు బామ్మర్ది నేలచూపులు చూస్తూ. "శుక్రవారం వచ్చిన దగ్గర్నించీ. నాతో చెప్పాల్సినవి గిరాకీలతో చెప్తాడు. 'టేపు ఎక్కడ పెట్టాడో అడగండమ్మా' అంటాడు, నేను పక్కనే ఉంటే."

పళ్ళ డాక్టరు ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. అక్కయ్య నవ్వలేదు. ఇవన్నీ పట్టనట్టు గిన్నెలోంచి ఆ ఒక్క గుండీ తీసి, తిప్పి చూసి, షావుకారు చేతిలో పెట్టింది.

షావుకారు కాసేపు లెక్క చూసుకున్నాడు. ఆ పేరా తనకి ఎంత ఇష్టమో లెక్కలో వేశాడు. తడిసిన కళ్ళు వేశాడు. తాళాలాయన వియ్యంకుణ్ణి కూడా వేశాడు. తక్కెడలో అటువైపు, గిన్నె దగ్గర నిలబడ్డ మనిషి ఒక్కడే. కండక్టరమ్మ చేతిలోంచి కాగితాలు తీసుకుని, చివరి పేరా మీద పై మూలనించి కింది మూల దాకా ఆగకుండా గీత గీశాడు.

"ఇప్పుడు క్యాలెండరు దగ్గర ఆగిపోతుందండీ," అన్నాడు అక్కయ్యతో. "మెట్లు దిగడం ముందుకి జరుపుతాను. ఆవిడ గోడవైపు తిరిగి నిలబడటం ఆఖరిది."

"జరపండి," అంది అక్కయ్య. "పొద్దున్నే అచ్చుకి ఇస్తున్నా."

అప్పుడు, ఎవరూ అడక్కుండానే, బామ్మర్ది లేచి నిలబడ్డాడు. "తాతా. ఆవిడ ముందర అలా అనకుండా ఉండాల్సింది నేను."

తాత అతనికేసి చూడకుండా కండక్టరమ్మతో అన్నాడు. "ఇక్కడ కాదమ్మా, షాపులో అనమను. ఆవిడ వచ్చినప్పుడు."

బుధవారం మధ్యాహ్నం కొలతల ఆవిడ తన అద్దం సంగతి కనుక్కోవడానికి వచ్చింది. షావుకారు తన షాపులోంచి చూశాడు. బామ్మర్ది పెదవులు కదిలాయి, చేతులు కట్టుకున్నాడు. తాత వీపు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఆవిడ వెళ్ళగానే షావుకారు ఈసారి సాకేమీ వెతుక్కోకుండా రోడ్డు దాటాడు. గుమ్మంలోనే బామ్మర్దిని పట్టుకుని, "ఏమన్నాడు?" అని అడిగాడు.

"ఏమీ అనలేదు బావా. నేను చెప్పిందంతా విన్నాడు. ఆవిణ్ణి వెడల్పు ఇంకోసారి చెప్పమన్నాడు. తర్వాత ఇటు తిరిగి, 'టేపు ఇటివ్వు' అన్నాడు."

"నీతోనా?"

"నాతోనే."

లోపల తాత పలకగా వాడుకునే పాత క్యారంబోర్డు మీద చాక్‌పీసుతో కొలతలు వేసుకుంటున్నాడు. బామ్మర్ది టీ తెప్పించాడు. షావుకారు కూర్చుని తాగుతూ మనసులోనే మొత్తం లెక్క కట్టుకున్నాడు. పోయింది: ఒక సూర్యోదయం, కొన్ని పక్షులు, ఒక దుర్మార్గుడు, బాగా నచ్చిన ఒక సాయంత్రం. వచ్చింది: పుస్తకంలో చోటు, నాలుగు పేజీలకి బదులు రెండున్నర. ఆదివారం గదిలో వచ్చే వారం నుంచి ఇంకో కుర్చీ, గుండీల దగ్గర ఏమాత్రం మొహమాటం లేని మనిషిది. ఎదురు షాపులో మధ్యాహ్నం టీ. ఇక ఆ 'టేపు ఇటివ్వు' అన్న మాట ఉంది. అది దొరికేసరికి కథ అచ్చుకి వెళ్ళిపోయింది, అందులో ఎక్కడా పట్టదు. దేనికీ పనికిరాదు. షావుకారు దాన్ని లాభంలోనే వేసుకున్నాడు.